బోరు: ఒక మాట, పలు అర్థాలు

మన కాలేజీలో రోజూ ఎక్కువగా వినిపించే ఇంగ్లీషు మాట ఏదయ్యా అంటే, నా లెక్కలో ‘బోర్’. క్లాసు బోర్, సినిమా బోర్, ఆఖరికి సెలవులు కూడా బోరే! మా మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లోనూ ఈ మాట లేకుండా పొద్దు గడవదు. కాకపోతే అక్కడ అర్థం వేరు.

ఇంగ్లీషులో ‘బోర్’ అంటే మొదట తొలచడం. అందుకే తుపాకి గొట్టం లోపలి రంధ్రమూ బోరే, భూమిలోకి దించే బావీ బోరే. విసుగు అనే అర్థం 18వ శతాబ్దంలో కనబడుతుంది. అది ఎలా పుట్టిందో నిఘంటుకారులకే తేలలేదు. పోటు సమయంలో సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కే అల కూడా బోరే. హుగ్లీ నదిలో అది వస్తుంది. ఇక 1913లో పరమాణు నమూనా ప్రతిపాదించిన నీల్స్ బోర్ గారికి వీటితో ఏ చుట్టరికమూ లేదు. తెలుగులో రాస్తే మాత్రం ఆయనా ఈ గుంపులో కలిసిపోతారు!

ఈ చిక్కును మనవాళ్లు క్రియతో విడదీశారు. విసుగైతే ‘బోరు కొట్టింది’, బావి అయితే ‘బోరు వేశాం’. ‘బోరున ఏడ్చాడు’ అనేది మాత్రం మన తెలుగు మాటే, ఇంగ్లీషు కాదు.

మా వైపు బోరు వేసినవాడు బోరున ఏడవడమూ ఉంది. మార్కాపురం పలకలకు పేరు. ఆ పలకరాయిలో నీరు ఇంకదు, చీలికల్లోనే నిలుస్తుంది. చీలిక తగిలితే నీళ్లు, లేకుంటే దుమ్ము. అందుకే ఒక చేలో రెండించుల నీళ్లు పడితే, గట్టు అవతల చుక్క ఉండదు. మేము మూడు బోర్లు వేస్తే రెండింట్లో దుమ్మే లేచింది. మూడోదాని కింద మిరప పండుతోంది, మొదటి రెండింటి అప్పు ఇంకా తీరలేదు. టెంకాయతో పాయింటు చూడటం కంటే, నేల విద్యుత్ నిరోధం కొలిపించి వేయడం మేలని మా నాయనకు ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.

నీళ్లు పడినంత మాత్రాన అయిపోలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉంటే ఆ నీరు తాగరాదు. ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంకర్లు పోతాయి. చూడటానికి తేటగానే ఉంటుంది, నోటికీ తెలియదు.

కాబట్టి మిత్రులారా, సెలవుల్లో బోర్ కొడితే మీ ఊరి బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకురండి. లెక్చరర్ల అనుమతితో మన కెమిస్ట్రీ ల్యాబులోనే జిర్కోనియం–అలిజరిన్ రంగు పరీక్ష చేద్దాం. ఆ ఎరుపు పసుపుకు తిరిగిందంటే, ఊరికి చెప్పవలసిన కబురు మన చేతిలో ఉన్నట్టే.