ఈస్టర్ - నిరీక్షణ పండుగ

మన విద్యార్థి సంఘం మిత్రులు సావనీరుకు ఏదైనా వ్యాసం రాయమని అడగ్గానే నాకు మొదట గుర్తొచ్చింది మా హాస్టల్లో జరిగిన ఒక చిన్న సంఘటన. ఆ రోజు గుడ్ ఫ్రైడే. తెల్లచొక్కా వేసుకొని చర్చికి బయలుదేరుతుంటే పక్కగది మిత్రుడొకడు ఎదురొచ్చి, ఎంతో ప్రేమగా చెయ్యి కలిపి, "హ్యాపీ గుడ్ ఫ్రైడే రా!" అన్నాడు. నవ్వొచ్చింది గాని ఆపుకున్నాను. "ఇవాళ యేసు ప్రభువు సిలువమీద చనిపోయిన రోజురా. శుభాకాంక్షలేవో ఎల్లుండి ఆదివారం చెప్పు, ఆయన తిరిగి లేచిన రోజది" అన్నాను. వాడు నాలిక కరుచుకొని, "ఓహో, పునర్జన్మ అన్నమాట!" అన్నాడు. నాకు టైమైపోతోంది. జవాబు చెప్పకుండానే వెళ్ళిపోయాను. వాడికి బాకీపడ్డ ఆ జవాబే ఈ వ్యాసం.

పునరుత్థానం వేరు, పునర్జన్మ వేరు. పునః అంటే మళ్ళీ, ఉత్థానం అంటే లేవటం. కార్తీకమాసంలో ఉత్థాన ఏకాదశి అన్నప్పుడు మనం వాడే మాటే ఇది. క్రొత్త నిబంధన గ్రీకు భాషలో వాడిన 'అనస్తాసిస్' అనే మాటకు కూడా లేచి నిలబడటమనే అర్థం. పునర్జన్మలో జీవుడు పాత శరీరం వదిలి మరో శరీరంలో, మరో పేరుతో పుడతాడు. పునరుత్థానంలో అదే మనిషి, అదే పేరుతో లేస్తాడు. అట్లాగని చనిపోయినవాడు పాత బతుకులోకి తిరిగి రావటం కూడా కాదు. సువార్తలో లాజరు అనే ఆయన సమాధిలో నుంచి బయటికొస్తాడు. కాని ఎప్పటికైనా ఆయన మళ్ళీ చనిపోవలసినవాడే. యేసు మరణాన్ని దాటి అవతలి ఒడ్డుకు చేరాడని, ఇక ఆయనకు మరణం లేదని క్రైస్తవుల విశ్వాసం.

ఈ మాట నమ్మటం ఆనాటివారికి సులువనుకుంటే పొరపాటు. యూదుల్లోనే పరిసయ్యులు మృతులు లేస్తారని నమ్మేవారు, సద్దూకయ్యులు నమ్మేవారు కారు. ఇక గ్రీకు తత్వవేత్తల్లో చాలామందికి ఆత్మ శాశ్వతమంటే అభ్యంతరం లేదు గాని, శరీరం లేస్తుందంటే నవ్వులాటగా ఉండేది. పౌలు ఏథెన్సు నగరంలో ఉపన్యసిస్తుంటే అంతదాకా శ్రద్ధగా విన్నవాళ్ళు, పునరుత్థానమనే మాట రాగానే కొందరు ఎగతాళి చేశారని అపొస్తలుల కార్యముల గ్రంథమే చెబుతున్నది.

ఆ ఆదివారం ఏం జరిగిందో నాలుగు సువార్తలూ ఒక్క తీరుగా చెప్పవు. సమాధి దగ్గరికి వెళ్ళిన స్త్రీలు ఎందరన్న దగ్గరే తేడా ఉంది. యోహాను మగ్దలేనే మరియను ఒక్కదాన్నే పేర్కొంటాడు, మత్తయి ఇద్దరిని, మార్కు ముగ్గురిని. యేసు లేచిన క్షణాన్ని మాత్రం నలుగురిలో ఏ ఒక్కరూ వర్ణించలేదు. తొలగిపోయిన రాయి, ఖాళీ సమాధి, ఆ తర్వాత ఆయనను చూసినవారి అనుభవాలు, ఇంతే. మార్కు సువార్త 4వ శతాబ్దపు ప్రతుల్లో అయితే ఆ స్త్రీలు భయంతో పారిపోవటంతోనే ముగుస్తుంది. ఈ తేడాలు చూపించి కథంతా కల్పన అనేవారున్నారు. కల్పించేవాళ్ళయితే ముందే కూడబలుక్కుని ఒక్క మాటగా చెప్పేవారు కదా అనేవారూ ఉన్నారు. పైగా ఆ కాలంలో స్త్రీల సాక్ష్యానికి పెద్ద విలువ లేదు. అయినా నాలుగు సువార్తలూ మొదటి సాక్షులుగా స్త్రీలనే నిలబెట్టాయి.

ఈ సువార్తలకంటే ముందే, యేసు మరణించిన సుమారు పాతికేళ్ళ లోపే, పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో 15వ అధ్యాయమంతా ఈ విషయమే చర్చించాడు. లేచిన క్రీస్తు ఎవరెవరికి కనిపించాడో వరసగా చెప్పి, ఒకేసారి 500 మందికి పైగా చూశారనీ, వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ రాశాడు. క్రీస్తు లేవకపోతే తన ప్రసంగమూ వ్యర్థమే, మీ విశ్వాసమూ వ్యర్థమే అని కూడా ఒప్పేసుకున్నాడు. అంటే క్రైస్తవ మతం మొత్తాన్ని ఆ ఒక్క ఆదివారం మీద పందెం కాశాడన్నమాట. క్రిస్మస్‌కు మన ఊళ్ళలో నక్షత్రాలూ కేకులూ ఎక్కువ కనిపించినా, సంఘానికి మూలమైన పండుగ ఈస్టరే. యూదుల విశ్రాంతి దినం శనివారమైతే, క్రైస్తవులు ఆదివారం ఆరాధన చేసుకోవటానికి కారణం కూడా ఇదే.

మిత్రులడిగే మరో ప్రశ్న - ఈ పండుగ ఏటేటా తేదీ ఎందుకు మారుతుంది? యేసు మరణం యూదుల పస్కా పండుగ రోజుల్లో జరిగింది. పస్కా చాంద్రమానం ప్రకారం పున్నమినాటి పండుగ. క్రీ.శ. 325లో నీకయ మహాసభ అన్ని సంఘాలూ ఈస్టర్‌ను ఒకే రోజున చేసుకోవాలని నిర్ణయించింది. తర్వాత స్థిరపడిన లెక్క ప్రకారం మార్చి 21న గాని ఆ తర్వాత గాని వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్. అందుకే అది మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. తూర్పు సంఘాలు పాత కాలెండరును పాటించటం వల్ల చాలా ఏళ్ళు వాళ్ళ ఈస్టర్ వేరే ఆదివారం వస్తుంది. 2025లో మాత్రం ఇద్దరికీ ఏప్రిల్ 20నే వచ్చింది.

ఇంతవరకు పుస్తకాల్లో దొరికే సంగతులు. ఇక నా సంగతి చెబుతాను.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మా అమ్మ పోయింది. సమాధి దగ్గర ఏడుస్తుంటే బంధువొకాయన నా భుజం తట్టి, "విశ్వాసులం, మనం ఏడవకూడదయ్యా. మనకు పునరుత్థాన నిరీక్షణ ఉంది" అన్నారు. ఆయన మంచిమాటే చెప్పాననుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఏడవటానికి కూడా వీల్లేని నిరీక్షణ నాకెందుకు అనిపించింది. రెండేళ్ళు ఈస్టర్‌కు సమాధుల తోటకు వెళ్ళలేదు.

మా వైపు ఈస్టర్‌కు ముందు సమాధులకు సున్నం వేస్తారు. పండుగనాడు తెల్లవారకముందే మల్లెపూలు, కొవ్వొత్తులు తీసుకొని ఇంటిల్లిపాదీ అక్కడికి వెళ్తారు. మూడో ఏడు నాయనమ్మ సున్నం బకెట్టు నా చేతికిచ్చి, "రారా అయ్యా, అమ్మకు సున్నం వేసొద్దాం" అంది. కాదనలేకపోయాను. నేను సున్నం వేస్తుంటే ఆమె పక్కన కూర్చొని పిచ్చిమొక్కలు పీకుతూ ఏడుస్తోంది. "ఏడవకూడదన్నారుగా నాయనమ్మా?" అన్నాను, కాస్త ఎత్తిపొడుపుగానే. ఆమె చెంగుతో కళ్ళు తుడుచుకొని, "లాజరు సమాధి కాడ యేసయ్య ఏడవలేదంట్రా? మళ్ళీ కనపడదనుకుంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని. కనపడుద్దనేగా యేటా వచ్చి ఇల్లు సర్దినట్టు సర్దుతున్నా" అంది.

మన తెలుగు బైబిల్లో 'ఆశ' అనవలసిన చాలాచోట్ల 'నిరీక్షణ' అని ఉంటుంది. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూడటం. రైలు కోసం ఎదురుచూసేవాడికి రైలింకా రాలేదన్న సంగతి తెలుసు. అయినా ప్లాట్‌ఫారం వదలడు. నాయనమ్మ చేస్తున్నది అదే. మన సమాధి రాళ్ళమీద 'మరణించిన' అనకుండా 'ప్రభువునందు నిద్రించిన' అని చెక్కించటంలో ఉన్నదీ అదే. ఇంగ్లీషులో సమాధుల తోటకు వాడే 'సెమెటరీ' అనే మాట కూడా నిద్రించే చోటు అనే అర్థమున్న గ్రీకు పదం నుంచి వచ్చిందే.

ఒక్క సంగతి నన్ను మరీ ఆకట్టుకుంటుంది. లేచిన యేసు దేహంమీద మేకుల గాయాలు మానిపోలేదు. తోమాకు చూపించింది ఆ గాయాలనే. మగ్దలేనే మరియ మొదట ఆయనను తోటమాలి అనుకొన్నది, పేరు పెట్టి పిలిచాక గాని గుర్తుపట్టలేదు. తిబెరియ సముద్రం ఒడ్డున రాత్రంతా వలలు వేసి అలసిపోయిన శిష్యులకు ఆయన నిప్పులమీద చేపలు కాల్చి పెట్టాడు. ఆకలి, గాయం, పేరు - మనిషి బతుకులోని ఇవేవీ దేవుని దృష్టిలో పారవేయదగినవి కావని దీనివల్ల నాకర్థమైంది. ఆత్మ ఒక్కటే ముఖ్యమైతే, శరీరాన్ని లేపవలసిన పని ఏముంది? అందుకే ఈస్టర్‌ను నమ్మేవాడు పక్కవాడి ఆకలినీ గాయాన్నీ చిన్నచూపు చూడకూడదు. చూస్తే ఆ నమ్మకానికి అర్థం లేదు.

దీన్ని నేను రుజువు చేయలేను. లాబొరేటరీలో తేల్చే విషయం కాదిది. నమ్మని మిత్రుల మీద నాకు ఫిర్యాదూ లేదు. మొదటి రోజున శిష్యులు కూడా ఆ స్త్రీల మాటలను వెర్రిమాటలుగానే కొట్టిపారేశారు.

ఇదీ మిత్రమా, ఆనాడు నీకు చెప్పలేకపోయిన జవాబు. వచ్చే ఈస్టర్‌కు వీలైతే మా ఊరు రా. చీకటితోనే లేవాలి సుమా! ఒక కొవ్వొత్తి నీ చేతికిస్తాను. నువ్వు నమ్మాలని కాదు, మా అమ్మ నీకూ పరిచయం కావాలని.