ప్రసవవేదన – స్వీయ సమ్మోహనము

తెలుగువారు ప్రసవవేదనను 'నొప్పులు' అని బహువచనములో చెప్పుదురు. "అమ్మాయికి నొప్పులు వచ్చుచున్నవి" అందురేగాని, "నొప్పి వచ్చుచున్నది" అనరు. ఈ చిన్నమాటలో ఒక పెద్ద సత్యమున్నది. ప్రసవవేదన ఎడతెగక సాగునది కాదు. గర్భాశయపు కండరము బిగిసి, సుమారు ఒక నిమిషము నిలిచి, మరల సడలును. తరువాత కొంత విరామము. కాన్పు సమీపించినకొలది విరామము తగ్గునేగాని, బొత్తిగా లేకుండ పోదు. ఐతే భయపడిన తల్లికి ఈ విరామము దక్కదు. పోయిన నొప్పిని తలచుకొని, రాబోవు నొప్పికై బిగుసుకొని, నడుమనున్న విశ్రాంతిని ఆమె పోగొట్టుకొనును. స్వీయ సమ్మోహనము ఆమెకు మొట్టమొదట తిరిగి ఇచ్చునది ఈ విరామమునే.

సమ్మోహనము అనగానే మనకు రంగస్థలము మీది ఇంద్రజాలికుడు గుర్తుకు వచ్చును. కన్నులలో కన్నులుంచి ఎదుటివానిని వశపరచుకొనుట అని చాలమంది తలంపు. శాస్త్రము చెప్పునది వేరు. రేడియోలో మంచి నాటకము వినుచు, పొయ్యిమీది పాలు పొంగిన సంగతి గమనింపని ఇల్లాలిని చూడుడు. ఆమె నిద్రపోలేదు, తెలివి తప్పలేదు. మనసంతయు ఒకచోట నిలిచినందున తక్కినవి దూరమైనవి, అంతే. సమ్మోహనస్థితి ఇట్టిదే. ఆ ఏకాగ్రతను కావలసినప్పుడు తనంతట తాను కల్పించుకొని, తనకు తాను హితమైన సూచన ఇచ్చుకొనుటయే స్వీయ సమ్మోహనము. ఇందులో మరొకరికి వశమగుట లేదు. వలదనుకొన్న క్షణమున కన్నులు తెరవవచ్చును.

ఈ విద్య చరిత్రలో మన దేశమునకును ఒక స్థానమున్నది. జేమ్స్ ఎస్డెయిల్ అను స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో, కలకత్తాకు ఎగువనున్న హుగ్లీలో పనిచేయుచు, 1845లో రోగులను ఇట్టి స్థితిలోనికి కొనిపోయి శస్త్రచికిత్సలు చేసినారు. అప్పటికి శస్త్రచికిత్సకు మత్తుమందు వాడుకలోనికి రాలేదు. పెద్ద పెద్ద కంతులను కోసి తీసినను చాలమంది రోగులు కదలక మెదలక ఉన్నారని ఆయన వ్రాసినారు. 1846లో ప్రభుత్వము ఒక సంఘమును నియమించి పరీక్షింపజేసి, కలకత్తాలో ఆయనకొక చిన్న ఆసుపత్రిని ఏర్పరచినది. కాని అదే యేడు అక్టోబరులో అమెరికాలోని బోస్టనులో ఈథరు ప్రదర్శింపబడినది. 1847లో ఎడింబరోలో సింప్సను క్లోరోఫారమును ప్రసవములకు వాడినారు. గంటలకొలది శ్రమపడి సమ్మోహనపరచుటకంటె, నిమిషములలో పనిచేయు మందు మేలని వైద్యులు తలచుట సహజమే.

మాంచెస్టరు శస్త్రవైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ ఈ స్థితికి 'హిప్నాటిజం' అను పేరును ప్రచారములోనికి తెచ్చినారు. 1843లో దానిపై గ్రంథము వెలువరించినారు. గ్రీకు భాషలో 'హిప్నాస్' అనగా నిద్ర. ఇది నిద్ర కాదని, ఒకే భావమందు మనసు నిలుచుట అని తరువాత ఆయనయే గ్రహించి, పేరు మార్చజూచినారు. అప్పటికే పాతపేరు స్థిరపడిపోయినది. 1844లో తనకు తీవ్రమైన వాతపు నొప్పి వచ్చినప్పుడు ఆయన తన పద్ధతిని తనపైననే ప్రయోగించుకొని ఉపశమనము పొందినారు. మరొకరి అవసరము లేకయే ఇది సాధ్యమని నాటికే తెలిసినదన్నమాట.

ఇది పనిచేయు తీరు ఏమి? ఆంగ్ల ప్రసూతివైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ 1933లో ప్రకటించిన గ్రంథములో ఒక విషవలయమును గూర్చి చెప్పినారు. భయము శరీరమును బిగింపజేయును. బిగువు నొప్పిని పెంచును. నొప్పి భయమును రెట్టింపు చేయును. ఆయన బోధించినది సమ్మోహనము కాదుగాని, ఈ వలయమును భయమువద్దనే తెంపవచ్చునను తలంపు రెండింటికిని సమానమే. 1997లో మాంట్రియాల్ నగరపు పరిశోధకులు మరొక సంగతి చూపినారు. సమ్మోహనస్థితిలో నున్నవారి చేతిని మిక్కిలి వేడినీటిలో ఉంచి, ఆ బాధ అంత దుర్భరము కాదని సూచించినారు. నొప్పి ఎచ్చట, ఎంత అని గుర్తించు మెదడు భాగములో చెప్పుకోదగిన మార్పు రాలేదు. దాని దుర్భరత్వముతో సంబంధమున్న భాగములో మార్పు వచ్చినది. అనగా నొప్పి వేరు, దానివలన కలుగు పరితాపము వేరు. స్వీయ సమ్మోహనము ముఖ్యముగా ఆ రెండవదానిని తగ్గించును.

అభ్యాసమునకు ఏడవ నెల మంచి సమయము. నొప్పులు మొదలైన తరువాత నేర్చుకొందమనిన సాధ్యము కాదు. రోజుకు పావుగంటయో ఇరువది నిమిషములో కేటాయించవలెను. వెల్లకిల పడుకొనక, ఎడమప్రక్కకు ఒత్తిగిలియో, దిండ్లకు ఆనుకొనియో కూర్చుండవలెను. ఒక బిందువుపై చూపు నిలిపి, కనురెప్పలు బరువెక్కగనే కన్నులు మూసికొనవలెను. ఊపిరి తీసికొనుటకంటె విడుచుట నెమ్మదిగా సాగవలెను. నుదురు, దవడ, భుజములు, నడుము, పాదములు – వరుసగా సడలించవలెను. తరువాత తనకు ఇష్టమైన దృశ్యమొకటి తలచుకొనవలెను. సముద్రపుటల మంచి ఉపమానము. అది లేచును, శిఖరమందును, విరిగి వెనుకకు పోవును. నొప్పియు అట్లే. కొందరు కుండలోని చల్లని నీటిలో చేయి ముంచి, అది తిమ్మిరెక్కినట్లు భావించి, ఆ చేతిని నడుముపై నుంచి చల్లదనమును అచ్చటికి పంపినట్లు ఊహింతురు. సూచన చిన్నదిగా ఉండవలెను. "నాకు నొప్పి రాదు" అనుట అసత్యము. మనసు దానిని నమ్మదు. "ఈ అల దాటిపోవును, నా శరీరము సడలుచున్నది" అనునది నమ్మదగిన మాట. ముగింపులో ఐదు లెక్కించి కన్నులు తెరవవలెను.

దీని ఫలితమెంత? ఈ ప్రశ్నకు పొగడ్త పనికిరాదు, లెక్క కావలెను. డెన్మార్కులో 1,222 మంది తొలిచూలు స్త్రీలపై జరిపి 2012లో ప్రకటించిన పరిశీలనలో, ఈ విద్య నేర్చినవారికిని తక్కినవారికిని, వెన్నులో ఇచ్చు ఎపిడ్యూరల్ మందు వాడకములో తేడా కనబడలేదు. కాని ప్రసవానుభవమును గూర్చి తరువాత అడిగినప్పుడు, నేర్చినవారు మెరుగుగా చెప్పినారు. బ్రిటనులో 680 మందిపై జరిపి 2015లో వెలువరించిన పరిశీలనలోను ఎపిడ్యూరల్ వాడకము తగ్గలేదు. కాన్పు తరువాత చూడగా, తాము ముందు ఊహించినంత భయము, ఆందోళన కలుగలేదని చెప్పుటలో మాత్రము నేర్చినవారిదే పైచేయి. మొత్తము 2,954 మంది స్త్రీలకు సంబంధించిన 9 పరిశీలనలను 2016లో కలిపి చూచినప్పుడు, నొప్పిమందుల వాడకము మొత్తముమీద కొంత తగ్గవచ్చునని, ఎపిడ్యూరల్ విషయములో భేదము లేదని తేలినది.

కాబట్టి దీనిని నొప్పి లేని కాన్పు అని ప్రచారము చేయువారిని నమ్మరాదు. ఆ మాట నమ్మిన తల్లి, నొప్పి తీవ్రమైనప్పుడు తనలోనే లోపమున్నదని కుమిలిపోవును. మందు అడుగుట ఓటమి కాదు. శస్త్రచికిత్స అవసరమగుట అపరాధము కాదు. అట్టి సమయమునను ఈ అభ్యాసము వ్యర్థము కాదు; సూది పొడుచునప్పుడు, బల్లమీద పరుండినప్పుడు, కుట్లు మానునప్పుడు ఊపిరియు నిబ్బరమును తోడుగా ఉండును. రక్తస్రావము, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, జ్వరము, బిడ్డ కదలిక తగ్గుట – వీనిని మనోబలముతో ఓర్చుకొనరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. మతిభ్రమకు సంబంధించిన వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా లేనిదే ఈ అభ్యాసమునకు పూనుకొనరాదు.

కాన్పుతోనే దీని ప్రయోజనము ముగియదు. 2000 సంవత్సరములో అమెరికాలో 241 మంది రోగులపై జరిపిన పరిశీలనలో, రక్తనాళములలోనికి, మూత్రపిండములలోనికి గొట్టములు పంపి చేయు చికిత్సల సమయమున ఈ పద్ధతి అనుసరించినవారికి మందు తక్కువ పట్టినది, పనియు త్వరగా ముగిసినది. బెల్జియములోని లియేజ్ నగర వైద్యులు 1992 నుండి సమ్మోహనమునకు తోడు స్థానికముగా తిమ్మిరిమందు, కొద్దిపాటి శాంతిమందు ఇచ్చి థైరాయిడ్ గ్రంథికి శస్త్రచికిత్సలు చేసినారు.

ఇంటివారికి ఒక్క మాట. సూచన అనునది తనకు తాను ఇచ్చుకొనునదే కాదు. చుట్టుప్రక్కలవారు ఇచ్చునదియు సూచనయే. గర్భిణి ఎదుట చెప్పు భయంకరమైన కాన్పు కథలు, "నీవు తట్టుకోలేవు" అను నిట్టూర్పు, ప్రసవపు గదిలో వినవచ్చు కసురు – ఇవన్నియు ఆమె మనసులో నాటుకొని, నొప్పివేళకు మొలకెత్తును. ప్రభుత్వాసుపత్రులలో ప్రసవవేళ తల్లికి తోడుగా ఒక స్త్రీ ఉండుటకు 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ అనుమతించినది. ఆ తోడు వెళ్లునది అమ్మయైనను, అత్తయైనను, అక్కయైనను, ఈ అభ్యాసమును అమ్మాయితోపాటు ముందుగా నేర్చుకొనిన మంచిది. నొప్పి వచ్చినప్పుడు ఆమె భుజముపై చేయి వేసి, "ఊపిరి మెల్లగా విడువమ్మా, ఇది దాటిపోవుచున్నది" అని చెప్పగల మనిషి ప్రక్కనుండిన, ఇంటివద్ద నేర్చిన పాఠము ఆసుపత్రిలో మరపునకు రాదు.