బందరోళ్ల సొంత డాన్స్ ఎక్కడి నుంచి వచ్చింది?

దసరాకి బందరు వచ్చారా ఎప్పుడైనా? రాకపోతే మీకు శక్తి పటం గురించి చెప్పాలి. వీపున అమ్మవారి పెద్ద పటం, ముఖానికి కాళికా ముఖం, చేతిలో కత్తి. డప్పు మోగుతుంటే ఆ బరువుతోనే వీధి వీధీ తిరుగుతూ ఆడతారు. గుమ్మం ముందుకు రాగానే మా అమ్మ బిందెడు పసుపునీళ్లు కాళ్ల మీద పోసి, హారతిస్తుంది. విజయదశమి రాత్రి పటాలన్నీ కోనేరు సెంటర్‌కి చేరతాయి. ఆ రాత్రి అక్కడ కాలు పెట్టే చోటుండదు.

ఇదే మా గుర్తింపు అని గుడివాడ బావ దగ్గర గొప్పలు పోయాను. "ఏరా, అది కలకత్తా నుంచి వచ్చిందంట కదా, మీదెలా అయింది?" అన్నాడు. నిజమే. అటు నుంచి వచ్చిన ఓ సిపాయి తెచ్చాడని ఈడేపల్లి శక్తి గుడి దగ్గర పెద్దలు చెబుతారు. కాసేపు నాకు మాట రాలేదు. తర్వాత ఆలోచిస్తే, బందరు అనే పేరే పారశీకం, రేవు అని అర్థం. పెడన కలంకారీలో పూలూ ఆ దేశపు పోకడలే. 1611లో ఇంగ్లీషోళ్లు కొట్టు పెట్టిందీ ఇక్కడే. బయటి నుంచి వచ్చినవి తీసేస్తే మాకు మిగిలేదేంటి బావా, లడ్డూనా?

మా అమ్మమ్మది దివిసీమ, నాగాయలంక వైపు. సంక్రాంతికి గంగిరెద్దు వచ్చినా, హరిదాసు వచ్చినా బియ్యం కంటే ముందు మంచినీళ్లు ఇచ్చేది. "1977 నవంబరు 19 ఉప్పెనలో బావులన్నీ ఉప్పు తేలాయిరా. మాకు గుక్కెడు నీళ్లిచ్చింది బయటోళ్లే" అనేది. ఆ ఉప్పెనలో వేలమంది పోయారు. ఆవిడ ఆ సంగతి అంతకుమించి మాట్లాడేది కాదు.

ఆ అమ్మమ్మ మనవణ్ణి, మొన్నామధ్య మా వైపు ఓ ప్రోగ్రాంలో తల దించుకున్నాను. ఉత్తరాంధ్ర నుంచి తప్పెటగుళ్లు బృందం వచ్చింది. గుండెలకి రేకు తప్పెట్లు కట్టుకుని, అరచేతులతో వాయిస్తూ ఎగురుతారు చూడండి, వాళ్లు. స్పీచ్‌లయ్యేసరికి రాత్రి పదిన్నర. వాళ్లకిచ్చింది పది నిమిషాలు. ముందు వరసలో కుర్రాళ్లు "డీజే, డీజే" అని అరుపులు. నేను కూడా తక్కువేం కాదు, రీల్ కోసం ముప్పై సెకన్లు తీసుకుని ఫోన్ జేబులో పెట్టేశాను.

తర్వాత టీ బండి దగ్గర వాళ్లే కనిపించారు. భోజనాలు పెట్టారా అంటే ఎవరూ మాట్లాడలేదు. బండివాడితో చెప్పి బన్నులు, టీలు ఇప్పించాను. వాళ్లలో ఓ పెద్దాయన అడిగాడు: "బాబూ, మీ ఊళ్లో పటం ఆడేవోళ్ల కాళ్లకి నీళ్లోసి దండం పెడతారంట, నిజమేనా?"

"అవునండీ" అన్నాను.

ఆయన వంగి కాళ్ల గజ్జెలు విప్పుకుంటున్నాడు. పాదాల నిండా గ్రౌండ్ దుమ్ము.