మంగళగిరి అనలేక ఆఖరు స్టాపుకి

తెనాలి నుంచి బెజవాడ వెళ్ళే పల్లెవెలుగులో నేను కండక్టరుగా చేసే రోజుల్లో దుగ్గిరాలలో ఓ కుర్రాడు ఎక్కేవాడు. "ఎక్కడికి బాబూ?" అంటే కిటికీలోంచి బయటికి చూస్తూ "లాస్టు" అనేవాడు. డబ్బులు బెజవాడకి ఇచ్చేవాడు, దిగేది మాత్రం మంగళగిరిలో. పక్క సీటువాళ్ళు వాడికి మతిమరుపనుకుని ఉంటారు. నాకు మాత్రం సంగతి తెలిసిపోయింది. 'మ' దగ్గర వాడికి పెదాలు అతుక్కుపోతాయి. నాకు 'ప' దగ్గర అతుక్కుంటాయి. పెసరట్టు తినాలని హోటలుకి వెళ్ళి ఇడ్లీ తినొచ్చిన పొద్దులు నా జీవితంలో లెక్కలేనన్ని.

నత్తి ఉన్నవాడు పడే కష్టంలో బయటికి వినిపించేది కొంచెమే. మిగతాదంతా దాన్ని దాచడానికి పడే కష్టం. రాబోయే మాటను రెండు మాటల ముందే పసిగట్టి, దాని బదులు ఇంకోటి వెతుక్కుంటాం. పాలు అనాల్సిన చోట ప్యాకెట్టు అందామంటే అదీ 'ప'యే! అడగాల్సింది అడగకుండా వచ్చేస్తాం. అన్నీ మార్చుకోవచ్చు గానీ సొంత పేరు మార్చుకోలేం కదా. నా పేరు మొదలయ్యేదే 'ప'తో. డిపోలో ఫోనెత్తి పేరు చెప్పాల్సి వస్తే నాకు చెమటలు పట్టేవి.

మరి నత్తివాడివి కండక్టరుగా ఎలా నెట్టుకొచ్చావని అడుగుతారు. "దుగ్గిరాల, మంగళగిరి, తాడేపల్లి, బెజవాడ బెజవాడ" అని రాగం తీసి కేకేస్తే ఎక్కడా తట్టుకునేది కాదు. అదే మనిషికి ఎదురుగా నిలబడి ఊరి పేరు విడిగా చెప్పమంటే ఆగిపోయేది. ఇది నా ఒక్కడి వింత కాదు. పాట పాడేటప్పుడు, నలుగురితో కలిసి చదివేటప్పుడు, ఇంట్లో కుక్కతో మాట్లాడేటప్పుడు నత్తి దాదాపు కనిపించదు. మెదడులో మాటను సిద్ధం చేసే భాగాలకీ, గొంతునూ నాలుకనూ పెదాలనూ కదిలించే భాగాలకీ మధ్య వేళ కుదరాలి. నత్తి ఉన్నవాళ్ళ మెదడు స్కానింగుల్లో, ముఖ్యంగా ఎడమవైపు, ఆ దారుల్లో తేడాలు కనిపిస్తున్నాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. పాటలోనో కోరస్‌లోనో లయ బయటినుంచి అందుతుంది కాబట్టి మాట దాన్ని పట్టుకుని నడిచిపోతుందంటారు. అంటే తెలివికీ నత్తికీ సంబంధం లేదు. పిరికితనం వల్ల వచ్చేదీ కాదు. నత్తి వచ్చాకే భయం వస్తుంది, వచ్చాక నత్తిని ఇంకాస్త పెంచుతుంది.

ఇదంతా నేను చదువుకున్నది రిటైరయ్యాక, మనవడి పుణ్యమా అని. వాడికి నాలుగేళ్ళప్పుడు మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, "నాన్నా, బుడ్డోడికి నీదే వచ్చిందా?" అంది. వియ్యపురాలు అప్పటికే వసకొమ్ము అరగదీసి వాడి నాలిక్కి రాస్తోందట. ఎవరో నాలుక కింద పొర కోయించమన్నారట. వసతో నత్తి పోతుందనడానికి ఆధారం లేదు. నాలుక కింద పొరకీ దీనికీ లంకె లేదు.

అమ్మాయి అడిగినదాంట్లో మాత్రం కొంత నిజముంది. నత్తి కుటుంబాల్లో నడుస్తుంది. 2010లో అమెరికా పరిశోధకులు, పాకిస్తాన్ కుటుంబాలతో మొదలుపెట్టి, దీనితో ముడిపడిన మూడు జన్యువుల్లో మార్పులు పట్టుకున్నారు. అవి కొద్దిమంది విషయంలోనే కారణమవుతాయి. తాత నుంచి మనవడికి ఆస్తి రాసిచ్చినంత సూటిగా ఏదీ రాదు.

మాటలు పేర్చడం మొదలయ్యే రెండు నుంచి అయిదేళ్ళ మధ్య, వందమంది పిల్లల్లో అయిదుగురికైనా నత్తి మొదలవుతుంది. వాళ్ళలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి కొన్నేళ్ళలో దానంతటదే పోతుంది. పెద్దవాళ్ళలో మిగిలేది వందకి ఒకరు. ఆడపిల్లలకి త్వరగా తగ్గుతుంది, అందుకే పెద్దయ్యేసరికి నలుగురు మగవాళ్ళకి ఒక ఆడమనిషి లెక్క తేలుతుంది. మావాడు మగపిల్లాడు, ఇంట్లో తాతకి ఇప్పటికీ ఉంది, మొదలై ఏడాది దాటింది, పైగా మాట రానప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంటున్నాడు. ఇన్ని కలిసినప్పుడు "పెద్దయితే అదే పోతుందిలే" అనుకుని కూర్చోకూడదు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడ చూపించమన్నాను.

ఆరేళ్ళ లోపు పిల్లలకి సిడ్నీలో పుట్టిన లిడ్‌కోంబ్ అనే పద్ధతి ఉంది. థెరపిస్టు నేర్పిస్తే ఇంట్లో అమ్మో నాన్నో రోజూ కాసేపు పిల్లాడితో ఆడుతూ మాట్లాడతారు. మాట సాఫీగా వచ్చినప్పుడు "భలే చెప్పావురా" అంటారు. తట్టుకున్నప్పుడు ఎక్కువ పట్టించుకోరు, ఎప్పుడో ఓసారి మెల్లగా గుర్తు చేస్తారు, అంతే. మా అల్లుడు దీన్ని పరీక్షలకి చదివించినట్టు మొదలుపెడితే, థెరపిస్టు నవ్వి, ఆట ఆటలాగే ఉండాలి సార్ అందట.

పిల్లల్ని పదేపదే తప్పుపడితే ఏమవుతుందో చెప్పే పాత కథ ఒకటుంది. 1939లో అమెరికాలోని అయోవాలో 22 మంది అనాథ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. చక్కగా మాట్లాడే పిల్లల్లో కొందరికి మీకు నత్తి వస్తోందని చెప్పి, నోరు తెరిస్తే తప్పులెన్నారు. వాళ్ళకి నిజంగా నత్తి రాలేదు గానీ మాట్లాడడం మానుకున్నారు. కొందరికి జీవితాంతం ఆ బెరుకు పోలేదు. చేయించిన ప్రొఫెసర్ వెండెల్ జాన్సన్‌కీ నత్తి ఉండేది. 2001లో సంగతి బయటపడ్డాక విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది, 2007లో ఆ రాష్ట్రం పరిహారం కట్టింది. మన ఇళ్ళలో "నిదానంగా చెప్పరా, మొదట్నించీ చెప్పు" అని రోజంతా అనేవాళ్ళు ఈ కథ వినాలి. మన సినిమాలూ వినాలి, నత్తి పాత్ర పెట్టింది నవ్వించడానికే ఎక్కువ. 2017లో వచ్చిన 'జై లవ కుశ'లో జై అనే పిల్లాడిని నత్తి ఉందని నాటకంలోంచి పక్కకి నెట్టేస్తారు. ఆ సీన్ దగ్గర నేను కదల్లేకపోయాను. కానీ అలాంటివాడు పెద్దయ్యాక రావణుడిలాంటివాడే ఎందుకవ్వాలో నాకు మింగుడుపడలేదు.

మనవడితో పాటు ఆ కేంద్రానికి వెళ్ళినప్పుడు ఆ థెరపిస్టు అమ్మాయి నన్నూ వదల్లేదు. "తాతగారూ, మీరు కొట్టుకెళ్ళి కావాలని నత్తిగా అడగండి" అంది. దాచేకొద్దీ పెరిగే భయం బయటపెడితే తగ్గుతుందట. సరేనని కిరాణా కొట్టుకెళ్ళి "ప... ప... ప..." అన్నాను. కొట్టాయన "పప్పా? పంచదారా?" అన్నాడు, కుర్రాణ్ణి పిలిచి పంచదార తూచమన్నాడు కూడా. "ఆగవయ్యా," అన్నాను. ఎదుటివాడిని ఆగమనడం నాకు అలవాటు లేని పని. ఆగాడు. "పటికబెల్లం" అన్నాను, మూడు ముక్కలుగా. ఇచ్చాడు.

ఎదుటివాళ్ళ నుంచి మాకు కావాల్సింది ఆ కొట్టాయన రెండోసారి చేసినదే. మాట పూర్తి చేసి చేతికివ్వద్దు, సగంసార్లు తప్పు మాట అందిస్తారు. "కంగారుపడకు, ఊపిరి పీల్చుకో" అని సలహా ఇవ్వద్దు. చూపు పక్కకి తిప్పుకోకుండా, ఏం చెబుతున్నాడన్నది వింటే చాలు.

ఇప్పుడు మావాడు ఒకటో తరగతి. తగ్గింది, పోలేదు. బడి తెరిచిన రోజే అమ్మాయి టీచరుతో మాట్లాడింది. పాఠం చదివే వరసలో వాణ్ణి వదిలేయొద్దు, మొదట్లో పక్క పిల్లాడితో కలిపి చదివించండి, ఎవరైనా వెక్కిరిస్తే వాడి ఎదురుగా కాకుండా విడిగా పిలిచి చెప్పండి అని. టీచరు ఒప్పుకున్నారు. అయితే హాజరు పిలిచేటప్పుడు "ప్రెజెంట్ మేడమ్" అనడం వాడికి ఇంకా కష్టంగానే ఉంది. 'ప'యే మరి. చెయ్యెత్తితే సరిపోతుందని టీచరు చెప్పినా, వాడు ఒప్పుకోవడం లేదట.