కొలిమి ఆరినా ఆగని కమైషి రగ్బీ

సూరత్: హజీరా ఉక్కు కర్మాగారాన్ని ఆర్సెలార్ మిట్టల్‌తో కలిసి నడుపుతున్న జపాన్ సంస్థ నిప్పన్ స్టీల్‌కు స్వదేశంలో రగ్బీ వారసత్వం కూడా ఉంది.

కమైషి పట్టణంలోని ఉక్కు కర్మాగార ఉద్యోగులతో 1959లో ఏర్పడిన జట్టు, 1979 నుంచి 1985 వరకు వరుసగా ఏడుసార్లు జాతీయ విజేతగా నిలిచింది. 1989లో అక్కడి చివరి బ్లాస్ట్ ఫర్నేస్ మూతపడింది. పూర్వవైభవం కోల్పోయిన జట్టు 2001లో పట్టణ ప్రజల అండతో ‘కమైషి సీవేవ్స్’ క్లబ్‌గా మారింది.

2011 మార్చి 11 నాటి సునామీలో పట్టణవాసులు వెయ్యి మందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. క్రీడాకారులు మైదానాన్ని వీడి సహాయ సామగ్రిని మోశారు. సునామీ ధ్వంసం చేసిన పాఠశాలల స్థలంలోనే నిర్మించిన స్టేడియంలో 2019 సెప్టెంబరు 25న ప్రపంచకప్ మ్యాచ్ జరిగింది. అందులో ఉరుగ్వే 30-27తో ఫిజీపై గెలిచింది.

సంస్థ పెట్టిన జట్టును కష్టకాలంలో నిలబెట్టింది ఊరే.