గజ్జె ఆగితే భేరి ఆగాలి

సూర్యాపేట: ఏడాది విడిచి ఏడాది మాఘమాసం వచ్చిందంటే చివ్వెంల మండలం దురాజ్‌పల్లి గుట్ట మీద చెవిలో చెప్పినా మాట వినపడదు. భేరీల మోత, దాని మీద గజ్జెల మోత, రెంటి నడుమ 'ఓ లింగా' అనే కేక. లింగమంతుల స్వామికి, చౌడమ్మ తల్లికి జరిగే ఈ పెద్దగట్టు జాతరనే గొల్లగట్టు జాతర అని కూడా పిలుస్తారు. తెలంగాణలో మేడారం తర్వాత అంత జనం కూడే జాతర ఇదేనని పేరు. 2023లోనూ, 2025లోనూ ఫిబ్రవరి నెలలో ఐదేసి రోజులు జరిగింది.

జాతర రోజుల్లో హైదరాబాదు, విజయవాడ మధ్య తిరిగే బండ్లను నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడల మీదుగా మళ్లిస్తారు. కాబట్టి గట్టుకు పోలేని మిర్యాలగూడ, కోదాడ వాళ్లకు కూడా జాతర వచ్చిన సంగతి లారీల హారన్లు చెబుతాయి. అది వేరే చప్పుడు, దానికి తాళం ఉండదు.

గట్టు మీది చప్పుడుకు తాళం ఉంది. యాదవులు గజ్జెల లాగులు తొడిగి భేరికి అడుగులు వేస్తారు. కొందరు కటార్లు పట్టి ఆడతారు. గజ్జె అంటే చీలిక ఉన్న చిన్న లోహపు బుర్ర, లోపల ఒక గుండు. కాలు నేలకు తాకినప్పుడే కాదు, లేచినప్పుడూ అది మోగుతుంది. అందుకే గజ్జె కట్టినవాడు తప్పు అడుగు దాచుకోలేడు. కూచిపూడి వారు గజ్జెను కాలి మడమ పైన కడితే, ఇక్కడ లాగుకే కూర్చుతారు. తొడ అదిరినా పలుకుతుంది. ఆడేవాడు భేరికి ఆడుతున్నాడని చూసేవాళ్లు అనుకుంటారు గాని, నిజానికి వాడు కూడా ఒక వాద్యం వాయిస్తున్నట్టే లెక్క. భేరి కొట్టేవాడి కన్ను కర్ర మీద ఉండదు, ఎదుటివాడి కాలి మీద ఉంటుంది. కాలు జోరందుకుంటే దరువు ముదరాలి. గజ్జె టక్కున ఆగితే భేరి కూడా ఆగాలి. ఒక్క దెబ్బ ఎక్కువ పడిందా, గుంపులో ఉన్న ముసలివాళ్లు తల తిప్పి చూస్తారు.

డప్పు దగ్గర ఈ ఇద్దరూ ఒక్కరే. చెక్క చట్రానికి బిగించిన తోలును మంట మీద కాచి, కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టి వాయించేవాడే చిందు కూడా వేస్తాడు. చేతులు ఒక లెక్క, కాళ్లు ఒక లెక్క, రెండూ ఒకచోట కలవాలి. కోలాటంలో అయితే తన కోలకు ఎదుటివాడి కోల తగిలితేనే చప్పుడు, ఒక్కడు తప్పితే వలయమంతా మూగబోతుంది.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. గణపతిదేవుని గజసేనాని జాయప 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి రాశాడు. ఆ కాలపు దేశి నృత్యాల్లో పేరణి ఒకటి. దాని ఐదు అంగాల్లో ఒకటి ఘర్ఘరం, అంటే గజ్జెల పలుకు. సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రి గుళ్లు కూడా ఆ కాకతీయుల కాలానివే.

సముద్రాల ఆవల కూడా ఇదే తీరు. అమెరికాలోని దక్షిణ కరోలినాలో 1739లో నల్లజాతి బానిసలు తిరగబడ్డారు. మరుసటి ఏడు దొరలు చట్టం చేసి వారికి డోళ్లు నిషేధించారు. డోలు లేకపోతే వాళ్లు చేతులతో ఒళ్లు చరిచారు, కాళ్లతో నేలను వాయించారు. బూటు అడుగున లోహపు బిళ్లలు కొట్టుకుని ఆడే ట్యాప్ డ్యాన్సుకు ఒక వేరు అక్కడుంది.

మన దగ్గర డోలును ఎవరూ నిషేధించలేదు. డీజే బండి వచ్చింది. పెండ్లి ఊరేగింపుకు దాన్ని మాట్లాడుకుంటే డప్పుల జట్టుకు ఆ రోజు పని లేనట్టే. పెట్టెలోంచి వచ్చే పాట ముందే అచ్చయిన పాట. ఆడేవాడు అలిసినా, ఆగినా, ఉషారెక్కినా దానికి పట్టదు. గజ్జె కట్టుకుని దాని ముందు నిలబడితే ఆ గజ్జె కట్టినవాడికే వినపడదు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. అది శబ్దం ఎక్కువైందని చేసిన పని, డప్పు మీద దయతో కాదు.

అట్లని డప్పు పట్టినవాణ్ని పట్టుకుని కళను కాపాడమంటే న్యాయం కాదు. చావుకు, చాటింపుకు తరతరాలు వెట్టిగా కొట్టించుకున్న ఊళ్లివి. తండ్రి పడ్డ చిన్నచూపు చూసిన కొడుకు ఆ సిర్ర ముట్టనంటే తప్పు పట్టేదెవరు? తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికలెక్కాకే చాలామంది డప్పును తలెత్తి వాయించారు. డీజేకు అడిగినంత ఇచ్చే చేతులు డప్పుల దగ్గర బేరమాడకుండా ఉంటే సగం పని అయినట్టే.

పెద్దగట్టు మీద మాత్రం భేరి స్థానం ఇంకా భేరిదే. మూడోనాడు బైకానివాళ్లు చంద్రపట్నం వేసే దగ్గర రికార్డు పాటతో పని జరగదు. ఏడాది విడిచి ఏడాది లెక్కన 2025 తర్వాతి జాతర 2027 మాఘంలో. గజ్జెల లాగులు పెట్టెల్లో మడతపెట్టి ఉన్నాయి. వాటిని తొడిగే కుర్రవాళ్లకు అడుగు చెప్పాలన్నా, ఎదుట భేరి పట్టే మనిషి ఒకడు ఉండాలి.