మోకాటి నొప్పికి కొలబద్ద

జ్వరము వచ్చినవాని నాలుక క్రింద ఉష్ణమాపకము పెట్టి 102 డిగ్రీలని చెప్పవచ్చును. మరునాడు 100 డిగ్రీలున్నచో జ్వరము తగ్గుచున్నదని ఇంటిలో అందరును ఒప్పుకొందురు. మోకాళ్ళపై చేతులానించి, గోడ ఆసరాతో లేచుచున్న ముసలమ్మను నొప్పి ఎట్లున్నదని అడిగి చూడుడు. "ఏముంది నాయనా, కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను" అనును. నెల దినములు మందు మ్రింగిన పిమ్మట అడిగినను ఆమె అదే మాట చెప్పవచ్చును. మందు పనిచేసినదా, లేదా? నొప్పికి పాదరసము లేదు. అయినను దానిని కొలువవలసియే యున్నది. కొలువనిచో ఏ చికిత్స మంచిదో, ఏది ధనమును దండుగ చేయునో తెలియు మార్గము లేదు.

మోకాలి, తుంటి కీళ్ళకు వచ్చు ఈ వ్యాధిని వైద్యులు ఆస్టియో ఆర్థ్రైటిస్ అందురు. జనులు కీళ్ళ అరుగుదల అందురు. ఎముకల కొనలను కప్పియుండు నున్నని మృదులాస్థి క్రమముగా పలుచనై చిట్లును. ఎముక అంచులు ముండ్లవలె పెరుగును. కీలు లోపలి పొర వాచును. చుట్టునున్న కండరముల బలము తగ్గును. ఎక్స్-రే చిత్రములో ఎముకల నడుమ ఎడము తగ్గుట, ముండ్లు పెరుగుట కనిపించును. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అను వైద్యులు ఈ చిత్రములను 0 మొదలు 4 వరకు తరగతులుగా విభజించిరి. ఆ పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. అయితే చిత్రములో కీలు బాగుగా చెడినట్లు కనిపించియు హాయిగా నడచువారు కలరు. స్వల్పమైన మార్పే ఉండి మెట్లెక్కలేనివారును కలరు. మృదులాస్థిలో నరములు లేవు. నొప్పి ఎముక, కీలుపొర మొదలగు వానినుండి పుట్టును. కావున చిత్రము చూచి రోగి బాధను ఊహింపజాలము. దానిని రోగినే అడుగవలెను.

అడుగుట కూడ ఒక విద్య. కెనడాలో నికొలస్ బెల్లమీయు, ఆయన సహచరులును 1988లో ప్రకటించిన ప్రశ్నావళికి వోమాక్ అని పేరు. పశ్చిమ అంటారియో, మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయముల పేర్ల మొదటి అక్షరములు అందులో ఇమిడియున్నవి. ప్రశ్నలు 24: నొప్పిని గూర్చి 5, కీలు బిగుసుకొనుటను గూర్చి 2, పనిపాటులను గూర్చి 17. "నొప్పిగా ఉన్నదా?" అని ఊరకే అడుగరు. చదునైన నేలపై నడచునపుడు ఎంత? మెట్లెక్కునపుడు ఎంత? రాత్రి పడకలో ఎంత? గడచిన 48 గంటల సంగతినే చెప్పవలెను. బొత్తిగా లేనిచో 0, విపరీతముగా ఉన్నచో 4. మొత్తము 96. పరీక్ష మార్కులకు ఇది తలక్రిందులు. ఎక్కువ వచ్చినవాడే ఎక్కువ బాధపడుచున్నవాడు.

ఆ 17 ప్రశ్నలలో మేజోళ్ళు తొడుగుకొనుట, కారు ఎక్కి దిగుట, స్నానపు తొట్టిలో దిగుట ఉన్నవి. బాసిపట్టు వేసికొని కూర్చుండుట, గొంతుకూర్చుండుట లేవు. నేలమీద కూర్చుండి భోజనము చేయు అలవాటు గల మనవారికి ముందుగా దూరమగునవి ఈ రెండే! మన ప్రశ్న ఒకటి చేర్చినచో సరిపోవును గదా యని విద్యార్థి అడుగవచ్చును. చేర్చవచ్చును, కాని ప్రశ్న మారినచో కొలబద్ద మారినట్లే. దానిని మరల పరీక్షింపవలెను.

ఆ పరీక్ష ఎట్లు? మార్పు లేని రోగిని రెండుమార్లు అడిగినచో దాదాపు ఒకే అంకె రావలెను. మార్పు వచ్చిన రోగిలో అంకెయు మారవలెను. ఈ రెండవ గుణమును స్పందనశీలత అనవచ్చును. కిలోల గీతలు మాత్రమే ఉన్న కాటాతో బంగారము తూచలేము. ఒక జట్టు రోగుల సగటు అంకె 50, ప్రమాణ విచలనము 20 అనుకొందము. మూడు నెలల పిమ్మట సగటు 40 అయినది. తగ్గిన 10ని 20చే భాగించిన 0.5 వచ్చును. అదే రోగులను మరియొక ప్రశ్నావళితో అడుగగా అందును 10 తగ్గి, ప్రమాణ విచలనము మాత్రము 40 ఐనచో, వచ్చునది 0.25. మొదటిదాని చూపు నిశితమైనది. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జేకబ్ కోహెన్ 0.2ను చిన్న, 0.5ను మధ్యమ, 0.8ను పెద్ద ప్రభావములనెను. ఇవి మొరటు గుర్తులేయని ఆయనయే హెచ్చరించెను గాని, ఆ హెచ్చరికను చాలమంది మరచిరి.

ఇంతకును అంకె ఎంత తగ్గినచో రోగికి మేలు? 2005లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో ఫ్రాన్సు వైద్యులు 1,362 మందిని నాలుగు వారముల చికిత్సకు ముందును, తరువాతను అడిగిరి. రోగి 100 మిల్లీమీటర్ల గీతపై తన నొప్పి ఎక్కడనో గుర్తు పెట్టును. గుణము కనిపించినదని రోగులే చెప్పుటకు మోకాలి నొప్పి సుమారు 20, తుంటి నొప్పి సుమారు 15 మిల్లీమీటర్లు తగ్గవలసి వచ్చినది. మొదట బాధ ఎక్కువగా ఉన్నవారికి ఇంకను ఎక్కువ తగ్గవలెను.

అయినను అంకె తగ్గినంతనే చికిత్స గెలిచినదని చెప్పరాదు. నొప్పి మిక్కుటమైనపుడే రోగి వైద్యుని కడకు పోవును. ఏమియు చేయకున్నను అది కొంత తగ్గును. నమ్మకము మరికొంత తగ్గించును. అమెరికాలోని హ్యూస్టన్ వైద్యులు 180 మందిని చీట్లు వేసినట్లు మూడు జట్లుగా విభజించిరి. ఒక జట్టువారికి సన్నని గొట్టముతో చూచుచు మోకాటి కీలు లోపల గీకి నునుపు చేసిరి. రెండవ జట్టువారికి కీలును కడిగిరి. మూడవ జట్టువారికి చర్మముపై కోతలు మాత్రము పెట్టిరి. ఇట్లు జరుగవచ్చునని రోగులు ముందే అంగీకరించిరి. ఎవరికేమి జరిగినదో వారికి తెలియదు. రెండేండ్లు కొలిచి, 2002లో ఫలితములు ప్రకటించిరి. నొప్పిలోగాని పనిపాటులలోగాని శస్త్రచికిత్స పొందినవారు కోతలు మాత్రము పడినవారికంటె మెరుగుగా లేరు. అప్పటికి ఒక్క అమెరికాలోనే ఏటేట లక్షలమందికి ఆ శస్త్రచికిత్స జరుగుచుండెను!

రోగి మాటతోపాటు చేతను కూడ కొలుచుట మంచిది. మోకాటి కీలు మార్పిడి జరిగిన కొత్తలో నొప్పి పోయిన సంతోషమున రోగి పనులు బాగుగనే చేసికొనుచున్నాననును. గడియారము పెట్టి నడిపించినచో ముందటికంటె నెమ్మదిగా నడచుట కలదు. తొడకండరమునకు ఇంకను బలము రాలేదు. అందుచే 30 సెకనులలో కుర్చీనుండి ఎన్నిమార్లు లేవగలడో లెక్కించుట, 40 మీటర్లు వడిగా నడిపించుట, మెట్లెక్కించి దించుట అను మూడు పరీక్షలను ఈ వ్యాధి పరిశోధకుల అంతర్జాతీయ సంఘము 2013లో సూచించినది.

కుర్చీ పరీక్షను విద్యార్థులు ఇంటిలోనే చేయవచ్చును. సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న, చేతులు లేని కుర్చీని గోడకు ఆనింపవలెను. పెద్దలు చేతులు రొమ్ముపై కట్టుకొని పూర్తిగా లేచి నిలుచుట ఒకటిగా లెక్క. తూలువారిని, తీవ్రముగా నొప్పి యున్నవారిని విడిచిపెట్టుడు. వారమునకొకమారు, అదే కుర్చీతో, అదే వేళకు మూడు వారములు లెక్కించి పట్టికలో వ్రాయుడు. ఏ మందును మార్చకున్నను అంకె కొంత అటునిటు ఊగును. ఆ ఊగు ఎంతయో తెలిసిన పిమ్మట, నాలుగవ వారమున కొత్త తైలమును గూర్చి ముసలమ్మ ఏమనునో అదియు ఆ ప్రక్కనే వ్రాసికొనుడు.